తొలి మారథాన్‌కి తయారయ్యేవాళ్లు వారానికి రెండు రోజులు పరుగు మానాలా?

తొలిపరుగు:
అమెరికా పరుగు కోచ్ హాల్ హిగ్డన్ కొత్తవాళ్ల కోసం వేసిన 18 వారాల ప్లాన్ పట్టుకున్నాను. పదో వారం నడుస్తోంది. సోమవారం, శుక్రవారం పూర్తి విశ్రాంతి. ఆ రెండు రోజులూ కాళ్లు ఊరుకోవు, వెనకబడిపోతున్నానేమోనని ఒకటే గుబులు. ఓ ఐదు కిలోమీటర్లు మెల్లగా పరిగెడితే తప్పా?

రోజూపరుగు:
తప్పేం కాదు. బ్రిటన్ మారథాన్ రన్నర్ రాన్ హిల్ 1964 డిసెంబరు నుంచి 2017 జనవరి దాకా, 52 ఏళ్లు, ఒక్క రోజూ మానలేదు. 1970లో బోస్టన్ మారథాన్ గెలిచింది ఆ మధ్యలోనే. మారథాన్ శిక్షణలో హాన్సన్స్ అనే పద్ధతి ఉంది, అందులోనూ వారానికి ఆరు రోజులు పరుగే. అలసిన కాళ్లతో పరిగెత్తడం నేర్పించడమే దాని ఉద్దేశం. ఇవాళ మానితే రేపు మానడానికీ ఏదో ఒక సాకు దొరుకుతుంది.

మెల్లగా42:
దీనికి మాత్రం ఒప్పుకోలేను. రాన్ హిల్ ఆ లెక్క మొదలుపెట్టేనాటికే టోక్యో ఒలింపిక్స్‌లో పరిగెత్తి వచ్చాడు. ఆయనకి మైలు పరిగెత్తినా ఆ రోజు లెక్కలోకి వచ్చేది. మొదటిసారి 42.195 కిలోమీటర్లకి సిద్ధపడుతున్నవాళ్లకి ఆ పోలిక ఎలా కుదురుతుంది?

గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. ఎముకలకీ, కండరాల్ని వాటికి కట్టి ఉంచే టెండన్లకీ నెలలు పడుతుంది. పరుగు తాకిడికి ఎముక ముందు పాత భాగాన్ని కరిగించుకుని, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. కరగడం త్వరగా అయిపోతుంది, కట్టుకోవడమే ఆలస్యం. ఆ మధ్యకాలంలో ఎముక మామూలుకన్నా బలహీనంగా ఉంటుంది. ఊపిరి మాత్రం ‘ఇంకా పరిగెత్తు’ అంటూనే ఉంటుంది. మీ కాళ్లు ఊరుకోకపోవడం అదే.

నేనూ మొదటిసారి రోజూ పరిగెత్తాను. పదకొండో వారంలో ఎడమకాలి పిక్క ఎముక లోపలివైపు బొటనవేలు ఆనేంత చోట నొప్పి మొదలైంది. మొదటి కిలోమీటరు నొప్పెట్టి తర్వాత సర్దుకునేది, అందుకని పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి మెట్లు దిగుతుంటే ప్రాణం పోయేది. స్కాన్‌లో ఎముక సన్నగా చిట్లిందని తేలింది. ఎనిమిది వారాలు పరుగు బంద్. రేసు రోజున బిబ్, అదే ఛాతీకి తగిలించుకునే నంబరు, నా బల్ల మీదే ఉండిపోయింది. ఆ బాధ ఇంకొకరికి వద్దనే ఇంతలా చెబుతున్నాను.

రోజూపరుగు:
మీకలా జరిగినందుకు బాధగా ఉంది. కానీ కారణం రోజూ పరిగెత్తడమేనా, దూరం ఒక్కసారిగా పెంచడమా? రోజూ కొంచెం కొంచెం పరిగెత్తేవాళ్లు వారాంతంలో ఒక్కసారే ఎక్కువ భారం పెట్టుకునేవాళ్లకన్నా నయం కదా.

మెల్లగా42:
దూరం కూడా తొందరపడి పెంచాను, నిజమే. అయితే నడుమ రెండు ఖాళీ రోజులుంటే నొప్పి ముందే బయటపడేది. రోజూ పరిగెడుతుంటే ఏది అలసటో ఏది గాయమో తెలియలేదు. ఊరికే కూర్చోలేకపోతే ఈత కొట్టండి, సైకిల్ తొక్కండి. ఎముక మీద ఆ తాకిడి పడదు. కానీ వారంలో ఒక రోజైనా అదీ వద్దు.

తొలిపరుగు:
ఇది చదివి రెండు పిక్క ఎముకల మీదా బొటనవేలితో మోకాలి నుంచి మడమ దాకా నొక్కి చూసుకున్నాను. నొప్పేం లేదు. శనివారం 24 కిలోమీటర్లున్నాయి, ఇంతవరకు అంత దూరం పరిగెత్తలేదు. శుక్రవారం బూట్లు బయటికి తీయను. సోమవారం సంగతి శనివారం కాళ్లని చూశాక చెబుతాను.