అప్‌డేట్: ఆడియో పుస్తకాల ఆన్‌లైన్ క్లబ్‌లో పని కదిలింది

చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు రికార్డు చేసే మా ఆన్‌లైన్ క్లబ్‌లో పేర్లిచ్చేవాళ్లు ఎక్కువ, పూర్తయ్యే పాఠాలు తక్కువ, సభ్యుల మధ్య పరిచయమూ లేదని అడిగాను కదా. మీ సలహాలు పనిచేశాయి, చాలా థాంక్స్.

అసలు చిక్కు పని పరిమాణంలోనే ఉంది. పాఠం మొత్తం ఒకరికిస్తే ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మనిషికి 5 పేజీలు, గడువు 7 రోజులు. దాటితే, ఎవరికి ఏ పేజీలో రాసుకునే షీటులో ఆ వరస మళ్లీ ఖాళీ అవుతుంది, సంజాయిషీ అడగం. ఫైలు పేరు 001, 002 అని మొదలవ్వాలి. ఉత్త 1, 2 అని పెడితే చాలా ప్లేయర్లలో 10వ ముక్క 2 కంటే ముందొస్తుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఎదురుగా పెడితే ప, భ దగ్గర గాలి చప్పుడు పడుతుంది. పట్టికలు దాటేయొద్దు, పరీక్షలో ప్రశ్న అక్కడినుంచే రావచ్చు: ముందు నిలువు వరసల శీర్షికలు, తర్వాత ఒక్కో అడ్డవరస. చదివినవాళ్లు కాక వేరొకరు పుస్తకం ముందు పెట్టుకుని వినాలి.

కాపీరైట్ అడిగినవారికి: చూపులేనివారికీ, అచ్చు చదవలేనివారికీ పుస్తకాలు అందేలా కుదిరిన 2013 మరాకేష్ ఒప్పందంలో చేరిన దేశాల్లో ఇలాంటి ప్రతులకు వెసులుబాటు ఉంది, కానీ అవి అర్హులకే చేరాలి. లింకు అందరికీ తెరిచి పెట్టకండి.

స్నేహాల సంగతంటారా, పెద్ద కాల్‌లో ఎప్పుడూ ఇద్దరే మాట్లాడతారు. కాల్‌లోనే నలుగురేసి చిన్న గదులుగా విడగొట్టి, చదివినవారినీ విన్నవారినీ కలిపి కూర్చోబెడితే మాటలు వాటంతటవే వస్తున్నాయి.