ఆటోపైలట్‌ని ఎన్‌ఏవీ (కోర్సు వెంబడి నడిపే) మోడ్‌లో పెడితే విమానం కోర్సుకి ఎడమ పక్కనే ఉండిపోతోంది. ఎక్కడ వెతకాలి?

జక్కూరు (బెంగళూరు)–మైసూరు, సింగిల్ ఇంజిన్ విమానం, 110 నాట్లు. రెండు యాక్సిస్‌ల ఆటోపైలట్. హెచ్‌ఎస్‌ఐ (దిశనీ కోర్సునీ కలిపి చూపే పరికరం) లేదు, దిశ మాత్రమే చూపే మామూలు డీజీయే. ఏఎల్‌టీ మోడ్‌లో ఎత్తు బాగా పట్టుకుంటుంది. హెచ్‌డీజీ (దిశ నిలిపే) మోడ్‌లో మాత్రం బగ్‌కి (డీజీ మీద కావలసిన దిశకి తిప్పి పెట్టే గుర్తు) 2 డిగ్రీలు ఎడమగా స్థిరపడుతుంది. ఎన్‌ఏవీ నొక్కితే కోర్సు అందుకుని, దాదాపు 0.4 నాటికల్ మైళ్లు ఎడమకి జరిగి, అక్కడి నుంచి సమాంతరంగా పోతోంది.

సీడీఐ (కోర్సు నుంచి ఎంత పక్కకి పోయామో సూదితో చూపేది) జీపీఎస్‌లోనే ఉంది. ఎన్‌ఏవీ అక్షరాలు మెరుస్తుండగానే బగ్‌ని డీటీకే (జీపీఎస్ చూపే కోర్సు దిశ) మీదకి తిప్పుతున్నాను. డీజీ ఉన్నచోట ఆటోపైలట్‌కి కోర్సు తెలిసేది ఆ బగ్ వల్లే కదా. ప్రతి 15 నిమిషాలకీ డీజీని కంపాస్‌తో సరిచేస్తున్నాను. గాలి అనుకోవడానికి లేదు, తిరుగు దారిలోనూ ఎడమకే. వీఓఆర్ (నేల మీది రేడియో స్టేషన్) మీదా అంతే. చేత్తో నడిపితే సూది మధ్యలోనే.

తప్పు బగ్ పంపే సిగ్నల్ అలైన్‌మెంట్‌లోనా, టర్న్ కోఆర్డినేటర్ (మలుపు చూపే పరికరం) నల్‌లోనా (మలుపు లేనప్పటి సున్నా సిగ్నల్) అన్నది, యూనిట్లు విప్పకుండా నేల మీదే తేల్చే పరీక్ష ఏది?