దేవునికి అప్పగించుకుంటే నిజంగా నెమ్మది దొరుకుతుందా?

గ్రీమ్స్‌పేట తమ్ముడు:
2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు కాయల ట్రాక్టర్‌తో రెండు రోజులు పడిగాపులు కాశాను. రెండో రాత్రి ట్రాక్టర్ పక్కనే మోకరించి "ప్రభువా, ఇక నావల్ల కాదు, నువ్వే చూసుకో" అన్నాను. అప్పు తీరలేదు, ఇంకా కడుతున్నాను. కానీ గుండెదడ పోయింది, నిద్ర పడుతోంది. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

కొర్లగుంట అక్క:
నిద్ర పడుతున్నందుకు సంతోషం తమ్ముడూ. కానీ "నువ్వే చూసుకో" అంటే బాధ్యత దేవుడి మీద వేసి కూర్చోవడం కాదా?

గ్రీమ్స్‌పేట తమ్ముడు:
కూర్చోలేదక్కా, అప్పు కడుతున్నానని పైనే రాశాను కదా.

పీలేరు:
ఆమెన్ అన్నా.

కొర్లగుంట అక్క:
అప్పు సంగతి కాదు నేనడిగేది. ఆ మాట గురించి.

గ్రీమ్స్‌పేట తమ్ముడు:
ఆ మాటకేమైంది? గెత్సేమనే తోటలో ప్రభువే "నా ఇష్టం కాదు, నీ చిత్తమే" అన్నాడు. ముందు ఈ శ్రమల గిన్నె తొలగించమని అడిగాడు, చెమట రక్తపు బిందువుల్లా కారేంత వేదన పడ్డాడు, అయినా లోబడ్డాడు. దేవుని సమాధానం మీ హృదయాలకు కావలి ఉంటుందని పౌలు ఫిలిప్పీయులకు రాసింది సంకెళ్లలో ఉండే. విశ్వాసం తక్కువైతేనే ఇన్ని ప్రశ్నలొస్తాయి.

కొర్లగుంట అక్క:
నాకా విశ్వాసం తక్కువ? పదహారేళ్లు సండే స్కూల్ చెప్పాను. మా చెల్లెల్ని మొగుడు కొడుతుంటే పాస్టర్ దగ్గరికి వెళ్లింది. "ప్రభువుకు అప్పగించుకో, లోబడి ఉండు" అని ప్రార్థన చేసి మూడుసార్లు వెనక్కి పంపాడు. నాలుగోసారి విరిగిన చేత్తో వస్తే పుత్తూరు కట్టుకి నేనే తీసుకెళ్లాను. యేసు తన ప్రాణం తానే పెట్టాడు, ఎవరూ తీసుకోలేదు. మా చెల్లెల్ని మాత్రం ఇంకొకడు అప్పగించాడు!

పలమనేరు:
అందరు పాస్టర్లనీ ఒకే గాటన కట్టకండి అక్కా. నాకు బతకాలని లేదంటే మా అయ్యగారు వాక్యం చెప్పలేదు, నాతో పాటు బస్సెక్కి వేలూరు సీఎంసీకి వచ్చారు. 1900లో మిషనరీ డాక్టరమ్మ ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రి అది, ప్రార్థనా మందూ అక్కడ కలిసే ఉన్నాయి. చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దూత రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడని దారిలో చెప్పారు. ఇప్పటికీ ఆదివారం కనబడితే మాత్రలు వేసుకుంటున్నావా అనే ముందు అడుగుతారు.

గ్రీమ్స్‌పేట తమ్ముడు:
అక్కా, విశ్వాసం గురించి అలా అనకుండా ఉండాల్సింది, క్షమించండి. ఆ పాస్టర్ చేసింది ఘోరం. ఆ రాత్రి నాకు ఎవరూ లోబడమని చెప్పలేదు, నా అంతట నేనే మోకరించాను. కానీ ఆయన చేసిన తప్పుకి ఆ మాటనే పారేయకండి.

కొర్లగుంట అక్క:
పారేయమనను తమ్ముడూ. దేవుని చిత్తం ఇదీ అని నా చెల్లెలికి చెప్పే హక్కు ఆయనకి ఎవరిచ్చారన్నదే నా ప్రశ్న, మొదటే అలా అడిగుండాల్సింది. చెల్లెలు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. రోజూ రాత్రి ప్రార్థన చేసుకుంటుంది, మానేసింది నేనే.