డాల్ఫిన్ సేఫ్ ట్యూనా: డబ్బా నుంచి ఓడ దాకా లెక్క ఎలా కలపాలి?

హైదరాబాద్‌లో అమ్మడానికి థాయ్‌లాండ్ నుంచి డబ్బాల్లో స్కిప్‌జాక్ (ఒక రకం ట్యూనా) తెప్పిస్తున్నాం. ఓడ పేరు, 7 అంకెల ఐఎంఓ నంబరు (ఓడకు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య), ట్రిప్ తేదీలు, వల రకం, చేప పట్టేటప్పుడు డాల్ఫిన్లకు హాని జరగలేదని కెప్టెన్ సంతకం పెట్టిన ప్రకటన వచ్చాయి. చిక్కల్లా ఫ్యాక్టరీలోనే. ఒకే బ్యాచ్ కోడ్‌లో రెండు మూడు ట్రిప్పుల చేప కలిసింది. ఏ లాటును ఏ రోజు కరగబెట్టి కోశారో రికార్డు లేకపోతే కెప్టెన్ ప్రకటన ఏ డబ్బాకు వర్తిస్తుందో చెప్పలేం. అడిగితే ఎగుమతిదారు ఇన్వాయిసే మళ్లీ పంపుతున్నాడు!

ఆ రికార్డు ఎవరైనా రాబట్టారా? ఏమని అడగాలి? నడిసముద్రంలో వేరే ఓడలోకి మార్చిన సరుకైతే, మొదటి ఓడలో ఏ ట్యాంకులో ఉందో చూపే రసీదు కూడా తీసుకుంటున్నారా? బరువులూ సరిచూస్తున్నాం. తల, ఎముక, చర్మం, ముదురు మాంసం తీసేస్తే డబ్బాలోకి వెళ్లేది సగానికి లోపే. అంతకు మించి తేలితే కాగితాల్లో లేని చేప కలిసినట్టే.

ఇంకోటి, విశాఖ నుంచి వచ్చే తాజా ఎల్లోఫిన్ ట్యూనా. ఎంపెడా (కేంద్ర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ఇచ్చే క్యాచ్ సర్టిఫికెట్, అంటే చేప ఎక్కడ ఎలా పట్టారో చెప్పే పత్రం, ఎగుమతి సరుకు కోసం, మన మార్కెట్‌కొచ్చే చేపతో అది రాదు. హిందూ మహాసముద్రంలో డాల్ఫిన్లకు పెద్ద ముప్పు గిల్‌నెట్ (నీళ్లలో గోడలా వేలాడే వల). కాబట్టి గాలంతో పట్టిందేనని రుజువు కావాలంటే హార్బర్‌లో దించేటప్పుడే ఏ కాగితం రాయించుకోవాలి?