పూల మొక్కలు ఒత్తుగా నాటాలా, ఎడంగానా?

మొగ్గ: పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పుతో పూలమడి సిద్ధం చేశాను. గులాబీ, చామంతి, కనకాంబరం వేస్తున్నా. అన్నీ ఏళ్ల తరబడి ఉండేవే. ఎడంగా నాటితే మడి బోసిగా ఉంటుందని ఇంట్లో అంటున్నారు. ముందు ఒత్తుగా నాటేసి, ఇరుకైతే తర్వాత తీసేయొచ్చా?

పూలబుట్ట: ఒత్తుగానే నాటండి. నేల ఖాళీగా కనిపిస్తే కలుపు ఆగదు, మట్టి కూడా తొందరగా ఎండిపోతుంది. నేను చామంతి జానెడు ఎడంలో నాటాను. మొదటి ఏడే మడి నిండింది. ఎలాగూ రెండు మూడేళ్లకోసారి కుదురు తవ్వి పిలకలు విడదీయాల్సిందే కదా, ఇరుకు సంగతి అప్పుడే తేలిపోతుంది.

మట్టివాసన: చామంతి వరకు మీ మాట ఒప్పుకుంటానండీ. గులాబీకి మాత్రం వద్దు. అడుగు ఎడంలో ఆరు గులాబీలు నాటి బాధపడ్డాను నేను. మొదటి ఏడు చూడముచ్చటగా ఉన్నాయి. రెండో ఏడు వానలు పట్టేసరికి కొమ్మలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయాయి. కింది ఆకుల మీద నల్లమచ్చలు, చుట్టూ పసుపు. వేలు తగిలితే చాలు, రాలిపోయేవి. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే ఆ తెగులు అంటుకుంటుంది. గాలి ఆడితే తడి త్వరగా ఆరుతుంది, ఎడం కావాల్సింది అందుకే. సరే, మూడు తీసేద్దామని తవ్వితే వేళ్లన్నీ అల్లుకుపోయి ఉన్నాయి. ఉంచుదామనుకున్న వాటిలో కూడా ఒకటి పోయింది. "తర్వాత తీసేయొచ్చు" అనేది పిలకలేసే మొక్కలకే, గులాబీలాంటి చెట్టు జాతికి కాదు.

పూలబుట్ట: నిజమే, గులాబీ సంగతి నేను ఆలోచించలేదు. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు రెండేళ్లు ఖాళీ మట్టి చూస్తూ కూర్చోవాలంటే ఎంత కష్టం!

మట్టివాసన: ఆ ఖాళీల్లో బంతి, జీనియా చల్లండి. పూలయ్యాక పీకేసినా గులాబీ వేళ్లకు పెద్దగా దెబ్బ తగలదు, మొదళ్లకు మరీ దగ్గరగా చల్లకపోతే చాలు. ఎడం లెక్క చాలా సులువు. రెండు మొక్కలూ పూర్తిగా ఎదిగాక ఎంతెంత వెడల్పు పరుచుకుంటాయో కలిపి, సగం చేయండి. మూడడుగుల గులాబీ పక్కన అడుగున్నర చామంతి అంటే మొదళ్ల మధ్య రెండుంబావు అడుగులు. ముందు వరస మొక్కలు వెనక వరస సందులకు ఎదురుగా వచ్చేలా నాటితే బోసితనం అంతగా కనిపించదు.

మొగ్గ: అయితే వెనక వరసలో మూడే గులాబీలు, రెండు, ఐదు, ఎనిమిది అడుగుల దగ్గర. ఇప్పుడే పుల్లలు గుచ్చి వచ్చాను. మరి కనకాంబరం?

పూలబుట్ట: దానికి అడుగు చాలండీ. అది మాత్రం ఒత్తుగా ఉంటేనే అందం, ఈ ఒక్కదాంట్లో నేను తగ్గను.