చెరువు పూడ్చి వదిలేసిన వెంచర్‌ని ఫొటోలో ఎలా చూపించాలి?

ఖాళీప్లాటు:
హైదరాబాద్ పక్కన ఘట్‌కేసర్ వైపు ఒక పాత కుంట ఉంది. మొరం పోసి పూడ్చారు, ప్లాట్లు కొట్టారు, తర్వాత పని ఆగిపోయింది. ఇప్పుడక్కడ రంగు వెలిసిన ఆర్చి, హద్దురాళ్ళు, వాటి మధ్య సర్కారు తుమ్మ. నిలబడి చూస్తే మనసు పాడవుతుంది. ఫొటోలో మాత్రం మామూలు ఖాళీ జాగాలాగే వస్తోంది. 24 ఎంఎం లెన్స్, సాయంత్రం వెలుగు. అక్కడ నీళ్ళుండేవని చూసేవాళ్ళకు ఎలా తెలియాలి అన్నా?

తూముకాడ:
చెరువుకు సంబంధించింది ఒక్కటైనా ఫ్రేములో ఉండాలి తమ్ముడూ. ముందు కట్ట వెతుకు. పల్లం వైపు ఉంటుంది, చాలాచోట్ల దాని మీదే రోడ్డు వేసేశారు. దానిమీద నిలబడితే ప్లాట్ల వరుస మొత్తం దొరుకుతుంది. తూము రాతి స్తంభాలు మిగిలి ఉంటే అవి ముందు, హద్దురాళ్ళు వెనక, రెండూ స్పష్టంగా రావాలంటే అపర్చర్ ఎఫ్/11. 24 పక్కన పెట్టి 50తో తియ్యి, వైడ్‌లో రాళ్ళు మరీ చిన్నవైపోతాయి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ చిత్రాలు చూస్తే నీళ్ళు ఎక్కడిదాకా ఉండేవో తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, పెద్ద వాన పడిన మర్నాడు వెళ్ళు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్ళు కిందికే వస్తాయి, కింద చెరువు ఉన్నా పూడ్చినా. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్‌లో అన్నేసి కాలనీలు మునగడానికి ఇదీ ఒక కారణం. ప్లాటు నంబరు సగం మునిగిన రాయి, దాని పక్కన కొంగ: అలాంటి ఫొటో నా దగ్గర ఒకటుంది. దానికి క్యాప్షన్ అక్కర్లేకపోయింది.

మౌలాలిగుట్ట:
సాయంత్రం ఎర్రటి వెలుగు వద్దంటాను. పాడైన నేలను అది అందంగా చేసేస్తుంది. 1975లో అమెరికాలో ‘న్యూ టోపోగ్రాఫిక్స్’ అని ఒక ప్రదర్శన జరిగింది. మనుషులు మార్చేసిన నేలను రాబర్ట్ ఆడమ్స్, లూయిస్ బాల్ట్జ్ లాంటివాళ్ళు ఏ హంగూ లేకుండా తీశారు. వాళ్ళ ఫొటోలు ఒకసారి చూడండి.

రాంనగర్ పిల్ల:
కొన్నవాళ్ళను మర్చిపోకండి. మా బాబాయి రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా ఇలాంటి వెంచర్‌లోనే పెట్టాడు. అది ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు నిలిచే హద్దు లోపల, ఉందని రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసింది. ఇల్లు కట్టే వీల్లేదు, కొనేవాడు లేడు. భూమిపూజ రోజు హద్దురాయికి పిన్ని పూసిన పసుపు ఆ రాతి గీతల్లో ఇంకా అంటుకునే ఉంది. మీరు తీయాల్సింది అది కూడా.

ఖాళీప్లాటు:
అక్కా, మీ బాబాయి గారు ఒప్పుకుంటే ఆ రాయి పక్కన ఆయన్నే నిలబెట్టి తీస్తాను. పొద్దున పూటే వస్తాను. ఒకసారి అడిగి చెప్తారా?