ఐఈ 900 కొనాలా, యు12టి కొనాలా? రెండూ విన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్. ఇంత ఖరీదైన ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని విని చూసే షాపు నాకిక్కడ దొరకలేదు, అందుకే అడుగుతున్నా.

సెన్‌హైజర్ ఐఈ 900లో చెవికి ఒక్కటే 7 మి.మీ. డైనమిక్ డ్రైవర్ (పలుచటి పొర కదిలి మోగే చిన్న స్పీకర్). 64 ఆడియో యు12టిలో చెవికి 12 బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (లోపల సన్నటి లోహపు రేకు కదిలి మోగే బుల్లి డ్రైవర్లు). డ్రైవర్లు ఎక్కువైనంత మాత్రాన సౌండ్ బాగుంటుందని నేను నమ్మను.

నా అనుమానమంతా డప్పు దగ్గరే. సిర్ర (లావు పుల్ల) దెబ్బ పడితే గాలి కదిలినట్టు ఒంటికి తెలియాలి, సిటికెన పుల్ల (సన్న పుల్ల) మోత దానికింద మునిగిపోకుండా విడిగా వినపడాలి. ఆర్మేచర్ల బేస్ చప్పున ఆగిపోతుందని, ఆ గుమ్ము మిగలదని అంటారు. యు12టికి ఎం15 మాడ్యూల్ (ఇయర్‌ఫోన్‌లో మార్చుకునే చిన్న ముక్క) తీసి ఎం20 పెడితే బేస్ పెరుగుతుంది కదా, ఆ తేడా డప్పుకు సరిపోతుందా?

ఐఈ 900తో భయం వేరు. పైస్థాయిలో మెరుపు ఎక్కువ. సన్నాయి, వయొలిన్ గంటసేపు వింటే చెవి నొస్తదా? (మా ఇంట్లో సన్నాయి లేని రోజుండదు.)

వినేది ఫోన్‌కు చిన్న యూఎస్‌బీ డీఏసీ (ఫోన్‌లోని డిజిటల్ పాటను ఇయర్‌ఫోన్లకు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) తగిలించి. యు12టికి దాంతో సన్నటి ‘స్‌స్‌’ శబ్దం వస్తుందా? ఎవరి దగ్గరైనా ఉంటే హైదరాబాద్‌ వచ్చి వినడానికైనా సిద్ధమే.